ఊరు దాటే ముందు వాచీకి ఒక పని చెప్పండి

మీ చేతికి స్మార్ట్ వాచీ ఉందా? ఇంట్లో ఉన్నంతసేపూ అది అడుగులు లెక్కపెడుతుంది, వాట్సాప్ మెసేజ్ వస్తే మణికట్టు మీద బుర్రుమంటుంది. బాగానే ఉంది. మరి పోయినసారి ప్రయాణంలో అది మీకు ఏ పని చేసిపెట్టింది? చాలామంది ఈ ప్రశ్నకి కాసేపు ఆలోచిస్తారు. రెండో రోజుకే చార్జింగ్ అయిపోయింది, చార్జర్ ఇంట్లో మరిచిపోయారు, మిగతా ప్రయాణమంతా నల్లటి తెరతో అది చేతికి ఊరికే ఉండిపోయింది. జరిగింది ఇదే అయితే నిరుత్సాహపడకండి. ఈ అధ్యాయం మీకోసమే.

షాపులో అమ్మేవాళ్లు వంద ఫీచర్లు చెబుతారు. ప్రయాణికుడికి ఆ వందా అక్కర్లేదు. ముందు మిమ్మల్ని మీరు ఒకటి అడగండి: ఈ ప్రయాణంలో నా భయం ఏమిటి? నిద్రలో స్టేషన్ దాటిపోతుందనా? కొండ ఎక్కుతుంటే ఆయాసం వస్తుందనా? విమానంలో మాత్రల వేళ తప్పుతుందనా? జనంలో అమ్మ తప్పిపోతుందనా? ఆ ఒక్క భయాన్ని గుర్తించి, వాచీకి ఆ ఒక్క పని అప్పగించండి. అప్పగించాక ఆ పనిని ఇంటి దగ్గర వారం రోజులు చేయించి చూడండి. ఇంట్లో చేసి చూడని పనిని కొత్త ఊళ్లో, కంగారులో, సగం నిద్రలో ఎవరూ చేయలేరు.

1. మీ వాచీ ఏ రకమో తేల్చుకోండి

ఒక సందర్భం ఊహించండి. నాన్నగారు తిరుమల నడిచి వెళ్తానంటే కొడుకు రెండు వేలు పెట్టి ‘కాలింగ్ వాచీ’ కొనిచ్చాడు. ‘‘నాన్నా, దీంట్లోంచే మాట్లాడొచ్చు’’ అని చూపించాడు కూడా. అలిపిరిలో నాన్నగారు ఫోన్‌ని బ్యాగులో వేసి, బ్యాగుని దేవస్థానం లగేజీ కౌంటర్‌లో ఇచ్చి మెట్లెక్కారు. గాలిగోపురం దగ్గర కూర్చుని ఇంటికి ఫోన్ చేద్దామని వాచీ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పాడైందనుకున్నారు.

పాడవలేదు. ఆ రకం వాచీలో సిమ్ ఉండదు. ఫోన్‌కి వచ్చే కాల్‌ని బ్లూటూత్ ద్వారా అందుకుంటుంది, అంతే. ఫోన్ పది మీటర్లు దాటి దూరమైతే అది మామూలు గడియారమే. ఫోన్ లేకుండా మాట్లాడాలంటే ఈ-సిమ్ ఉన్న సెల్యులర్ వాచీ కావాలి. దాని ధర ఎక్కువ, నెలనెలా ప్లాన్ కూడా ఉండాలి.

జీపీఎస్ సంగతీ ఇంతే. తక్కువ ధర వాచీలు చాలావరకు ఫోన్ జీపీఎస్‌ని వాడుకుంటాయి. సొంత జీపీఎస్ ఉన్న వాచీ అయితే ఫోన్ దగ్గర లేకపోయినా మీరు నడిచిన దారిని గుర్తు పెట్టుకుంటుంది. మీ వాచీ ఏ రకమో పెట్టె మీద వెతకడం దేనికి? ఫోన్ ఇంట్లో వదిలేసి, వాచీ ఒక్కటే పెట్టుకుని నాలుగు వీధులు తిరిగి రండి. ఏది పనిచేసిందో, ఏది చేయలేదో అప్పుడే తెలిసిపోతుంది.

అమర్‌నాథ్‌కో వైష్ణోదేవికో వెళ్లేవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఇతర రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు జమ్మూ కశ్మీర్‌లో పనిచేయవు. పోస్ట్‌పెయిడ్ ఉండాలి, లేదా అక్కడే సిమ్ తీసుకోవాలి. ఫోన్‌కే సిగ్నల్ లేనప్పుడు దాన్ని నమ్ముకున్న వాచీ మాత్రం ఏం చేస్తుంది?

2. చార్జర్‌ని టూత్‌బ్రష్ పక్కన పెట్టండి

ఫోన్ చార్జర్ మరిచిపోతే పక్కవాళ్లని అడగొచ్చు. వాచీ చార్జర్ అలా దొరకదు. ఒక కంపెనీది ఇంకో కంపెనీకి పట్టదు, చాలాసార్లు అదే కంపెనీలో పాత మోడల్‌ది కొత్తదానికీ పట్టదు. అందుకే దాన్ని రోజూ వాడే వస్తువుల మధ్య సర్దుకోండి.

ఇంట్లో నాలుగు రోజులొచ్చే బ్యాటరీ యాత్రలో నాలుగు రోజులు రాదు. జీపీఎస్, ఎప్పుడూ వెలిగి ఉండే తెర, వెలుతురు పెంచుకోవడం, ఇవే చార్జింగ్‌ని తాగేస్తాయి. యాత్రలో మీరు అప్పగించిన పనికి అక్కర్లేనివన్నీ ఆపేయండి. వాట్సాప్ నోటిఫికేషన్లు మొదట ఆపాలి. వాచీ రోజుకి వందసార్లు వణికితే నూటొకటోసారి అది అసలు హెచ్చరికే అయినా మీరు చూడరు.

విమానంలో వెళ్తుంటే పవర్ బ్యాంక్‌ని చేతి బ్యాగులోనే పెట్టుకోండి. చెక్-ఇన్ లగేజీలో పెట్టడం నిషేధం. సాధారణంగా 100 వాట్-అవర్ వరకు అనుమతిస్తారు. మార్కెట్లో దొరికే 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ సుమారు 74 వాట్-అవర్, కాబట్టి చిక్కు లేదు. అయితే తీసుకెళ్లడం వేరు, వాడటం వేరు. ఎమిరేట్స్ 2025 అక్టోబరు 1 నుంచి విమానంలో పవర్ బ్యాంక్ వాడకాన్ని నిషేధించింది. ప్రయాణికుడు ఒకటి మాత్రమే తెచ్చుకోవచ్చు, దాంతో ఏదీ చార్జ్ చేయకూడదు. మీరు ఎక్కబోయే విమాన సంస్థ నియమం ముందే చూసుకుని, వాచీకి ఇంటి దగ్గరే నిండా చార్జింగ్ పెట్టుకోండి.

సెక్యూరిటీ చెక్ దగ్గర వాచీ తీసి ట్రేలో విడిగా పెట్టకండి. వరుసలోకి వెళ్లకముందే బ్యాగు లోపలి జేబులో వేసి జిప్ లాగేయండి. ట్రేలో వాచీని మరిచిపోవడం చాలా తేలిక.

3. రాత్రి రైలు: అందరినీ లేపకుండా మిమ్మల్ని లేపే అలారం

ఇది వాచీకి అన్నిటికంటే తేలికైన పని, అన్నిటికంటే ఎక్కువ ఉపకారం చేసే పని కూడా. సాయంత్రం సికింద్రాబాద్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కారు, అర్ధరాత్రి దాటాక తునిలో దిగాలి. ఫోన్ అలారం పెడితే బోగీ అంతా లేస్తుంది. పెట్టకపోతే మీకు నిద్ర పట్టదు. మణికట్టు మీద వణికే అలారం మిమ్మల్ని ఒక్కరినే లేపుతుంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. టైమ్‌టేబుల్ చూసి అలారం పెట్టుకుని నిశ్చింతగా పడుకుంటారు. రైలు గంట ఆలస్యమైతే? అలారం మోగుతుంది, లేస్తారు, ఇంకా రాలేదని మళ్లీ వాలతారు. ఆ రెండో నిద్రే ఊరు దాటించేస్తుంది. కాబట్టి ఇలా చేయండి: మీ స్టేషన్‌కి ముందు పెద్ద స్టేషన్ ఏది? తునికైతే రాజమండ్రి అనుకోండి. అక్కడికి చేరే వేళకి మొదటి అలారం పెట్టుకోండి. లేచి, రైలు ఎక్కడుందో ఫోన్‌లో చూసుకుని, దాన్నిబట్టి రెండో అలారం మార్చుకోండి. స్టేషన్ దగ్గరపడితే మోగే అలారం ఇచ్చే రైలు యాప్‌లు ఉన్నాయి, రైల్వే 139 నంబరులోనూ గమ్యం హెచ్చరిక సదుపాయం ఉంది. వాటికి వాచీ వణుకుని జత చేస్తే ఇక నిశ్చింత.

వణుకు మీ నిద్రకి సరిపోతుందా? గాఢనిద్ర పట్టేవాళ్లు ఇంట్లో రెండు రాత్రులు పెట్టి చూసుకోండి. లేవలేకపోతే ఫోన్ అలారమే దిక్కు. పక్క బెర్తువాళ్లకి ముందే ఒక మాట చెప్పి పెట్టుకోండి.

4. సముద్రాలు దాటే విమానం: మాత్రల వేళ

పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లే అమ్మానాన్నలకి నేను మరీ మరీ చెప్పే సంగతి ఇది. అమ్మ హైదరాబాద్‌లో ఉదయం ఎనిమిదికి ఒక మాత్ర, రాత్రి ఎనిమిదికి ఒక మాత్ర వేసుకుంటుంది. ఫోన్‌లో అలారాలు ఉన్నాయి. దుబాయ్‌లో దిగగానే ఫోన్, దానితోపాటు వాచీ, గంటన్నర వెనక్కి వెళ్తాయి. డాలస్‌లో దిగాక చలికాలమైతే మన సమయం కంటే పదకొండున్నర గంటలు, వేసవిలో పదిన్నర గంటలు వెనక్కి. ఇప్పుడు ‘ఉదయం ఎనిమిది’ అలారం మోగేసరికి, చలికాలమైతే, మన దేశంలో రాత్రి ఏడున్నర. ఒంటికి రాత్రి మాత్ర వేళయింది, వాచీ మాత్రం ఉదయం మాత్ర వేసుకోమంటోంది. అమ్మ ఏది వేసుకోవాలి?

బీపీ, షుగర్, రక్తాన్ని పలచబరిచే మందులు వాడేవాళ్లు ఈ ప్రశ్నకి జవాబు విమానంలో వెతక్కూడదు. ప్రయాణానికి ముందే డాక్టరుకి టికెట్ వేళలు చూపించి ‘‘దారిలో ఏది ఎప్పుడు, అక్కడికి వెళ్లాక ఏది ఎప్పుడు’’ అని కాగితం మీద రాయించుకోండి. ఇన్సులిన్ తీసుకునేవాళ్లకి ఇది మరీ ముఖ్యం. ఆ కాగితం చేతికొచ్చాకే వాచీ పని మొదలవుతుంది:

అలారం వద్దు, టైమర్ పెట్టండి. అలారం గోడ గడియారాన్ని చూస్తుంది, ఊరు మారితే మాట మారుస్తుంది. టైమర్‌కి ఊరితో పనిలేదు. ‘ఇప్పటినుంచి పన్నెండు గంటలు’ అంటే పన్నెండు గంటలే. మాత్ర వేసుకోగానే తర్వాతి మాత్రకి టైమర్ నొక్కడం అలవాటు చేయండి. మీ వాచీలో అన్ని గంటల టైమర్ పెట్టే వీలుందో లేదో ఇంట్లోనే చూసుకోండి.

వాచీ తెర మీద రెండో గడియారంగా భారత సమయం పెట్టండి. ప్రపంచ గడియారం అనే సదుపాయం చాలా వాచీల్లో ఉంటుంది. ఇంట్లో ఎంతైందో ఒక్క చూపులో తెలిస్తే మాత్రల లెక్కే కాదు, ఊళ్లోవాళ్లకి అర్ధరాత్రి ఫోన్ చేసి లేపడమూ తప్పుతుంది.

విమానంలో ఇంకో చిన్న పని కూడా వాచీకి అప్పగించొచ్చు. నాలుగు గంటలకి మించి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. చాలా వాచీల్లో గంటకోసారి ‘లేచి నడవండి’ అని గుర్తుచేసే సదుపాయం ఉంటుంది. ఇంట్లో విసుగనిపించి ఆపేసి ఉంటారు, విమానం ఎక్కే ముందు మళ్లీ పెట్టుకోండి. లేవడం కుదరకపోతే కూర్చునే మడమలు, వేళ్లు పైకీ కిందికీ ఆడించండి.

5. కొండ యాత్రలో అంకె కంటే ఒళ్లు ముఖ్యం

గౌరీకుండ్ సముద్రమట్టానికి సుమారు 1,980 మీటర్ల ఎత్తులో ఉంది. కేదార్‌నాథ్ 3,583 మీటర్లు. అంటే పదహారు కిలోమీటర్ల పైచిలుకు దారిలో ఒక్క రోజులో 1,600 మీటర్లు పైకి వెళ్తున్నాం. 3,000 మీటర్లు దాటాక రాత్రి పడుకునే చోటు రోజుకి 500 మీటర్ల కంటే ఎక్కువ ఎత్తుకి మారకూడదని పర్వత వైద్యులు చెప్పే లెక్క. మన యాత్రలో ఆ లెక్క పాటించడం కష్టం. కాబట్టి జాగ్రత్త ఇంకాస్త ఎక్కువ కావాలి.

వాచీ ఆక్సిజన్ శాతం చూపిస్తుంది కదా, అది చాలదా? చాలదు. అంత ఎత్తులో ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి కూడా అది 90 కంటే తగ్గొచ్చు. మన ఊళ్లో 97 చూసే అలవాటున్నవాళ్లు 86 చూడగానే హడలిపోతారు. భయంతో గుండె దడ, దడతో ఇంకాస్త ఆయాసం. ఇంకోవైపు పట్టీ వదులుగా ఉన్నా, చేయి చల్లబడినా, కదులుతూ చూసినా అంకె తప్పు వస్తుంది. చాలా వాచీల్లో ఆక్సిజన్ కొలత వైద్య పరికరంతో సమానం కాదని కంపెనీలే రాస్తాయి.

అసలు ప్రమాదం దీనికి తిరగబడ్డప్పుడే ఉంది. తల పగిలిపోతోంది, వాంతి వస్తోంది, అడుగు తూలుతోంది. వాచీ 91 చూపిస్తోంది. ‘‘వాచీ బాగానే ఉందంటోంది, ఇంకో రెండు కిలోమీటర్లేగా’’ అని పైకి వెళ్లే మనిషిని ఏం చేయాలి? ఆపాలి. తలనొప్పితో పాటు వాంతులో, తూలడమో, మాట తడబడటమో ఉంటే ఎక్కడం అక్కడే ఆపి వైద్య శిబిరానికి వెళ్లాలి, కిందికి దిగాలి. వాచీ అంకె బాగుందన్న కారణంతో ఈ లక్షణాలను ఎప్పుడూ తోసిపుచ్చకండి.

మరి వాచీని దేనికి వాడాలి? మిమ్మల్ని మీరే గమనించుకోవడానికి. యాత్రకి నెల ముందు నుంచి రోజూ మెట్లెక్కండి, అపార్ట్‌మెంట్ మెట్లయినా సరే. ఎంత వేగంతో ఎక్కితే గుండె ఎంతకి చేరుతోంది? ఆగాక ఎన్ని నిమిషాల్లో దిగుతోంది? ఇవి మీ సొంత అంకెలు. తిరుపతి దగ్గరివాళ్లయితే అలిపిరి 3,550 మెట్ల దారి కంటే మంచి పరీక్ష ఇంకెక్కడ దొరుకుతుంది? కేదార్‌నాథ్ దారిలో కాసేపు ఆగాక కూడా గుండె ఎప్పటిలా దిగకపోతే అదే మీకు గుర్తు: వేగం తగ్గించండి, కూర్చోండి, నీళ్లు తాగండి.

బీటా బ్లాకర్ రకం బీపీ మందులు, అంటే మెటోప్రొలాల్ లాంటివి, వాడేవాళ్లకి ఒక హెచ్చరిక. ఆ మందు గుండె వేగాన్ని పెరగనివ్వదు. ఆయాసం వస్తున్నా వాచీ అంకె తక్కువే చూపిస్తుంది. మీరు వాచీని కాదు, మాటని నమ్ముకోండి. పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడుతూ నడవగలిగితే ఆ వేగం మీకు సరిపోతుంది. మాట మధ్యలో ఊపిరి తెగితే ఆగాలి.

6. తప్పిపోతే, పడిపోతే

అమర్‌నాథ్ యాత్రికులకి మెడలో వేసుకునే ఆర్‌ఎఫ్‌ఐడీ కార్డు తప్పనిసరి. ‘మనం ఎక్కడున్నా దీనివల్ల తెలిసిపోతుంది’ అని చాలామంది అనుకుంటారు. అది జీపీఎస్ కాదు. దారిలో రీడర్లు పెట్టిన చోటు దాటినప్పుడే మీరు దాటినట్టు నమోదవుతుంది. అందుకే దాన్ని స్వెటర్ లోపలో, బ్యాగు అడుగునో దాచకుండా మెడలోనే ఉంచుకోండి.

వాచీలో పడిపోవడాన్ని గుర్తించే సదుపాయం ఉంటే పెద్దవాళ్లకి అది వరం. యాపిల్ వాచీలో 2018 నుంచి ఉంది, 55 ఏళ్లు దాటినవాళ్లకి దానంతటదే ఆన్ అవుతుంది. గట్టిగా పడి సుమారు నిమిషం పాటు కదలకపోతే అత్యవసర సేవలకి ఫోన్ చేస్తుంది, ఇంట్లోవాళ్లకి కబురు పంపుతుంది. అయితే మీరు ఇంట్లోవాళ్ల నంబరు ఎక్కిస్తేనే కదా పంపేది? ఆ గడి ఖాళీగా వదిలేసినవాళ్లే ఎక్కువ. ఇవాళే నింపండి. రక్తం గ్రూపు, మందుల పేర్లు, పడని మందులు కూడా రాసిపెట్టండి.

అత్యవసర నంబర్లు నోటికి రావాలి: మన దేశంలో 112, యూరప్‌లోనూ 112, అమెరికాలో 911, బ్రిటన్‌లో 999.

వీటన్నిటితో పాటు జేబులో ఒక కాగితం. పేరు, బస చేసిన చోటు, ఇద్దరి ఫోన్ నంబర్లు. తిరుమలలో శ్రీవారి దర్శనానికి ఫోన్లు, ఎలక్ట్రానిక్ వస్తువులు లోపలికి తీసుకెళ్లనివ్వరు. జనం ఎక్కువ, మనుషులు విడిపోయే అవకాశం ఎక్కువ ఉన్న ఆ చోటే వాచీ మీ చేతికి ఉండదు. ‘దర్శనం అయ్యాక ఫలానా చోట కలుద్దాం’ అని క్యూలోకి వెళ్లకముందే అనుకోండి.

7. చెవికి, కళ్లకి పెట్టుకునేవి

ఇయర్‌బడ్స్, ఫోన్‌లోని అనువాద యాప్ కలిస్తే కొత్త దేశంలో దారి అడగడం, ‘ఇందులో మాంసం ఉందా’ అని అడగడం తేలికే. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగుని, అక్కడి భాషని ఇంట్లో వైఫై ఉన్నప్పుడే డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా కనీసం రాసి చూపించడానికి పనికొస్తుంది. పొట్టి వాక్యాలు వాడండి. బయటి చప్పుడు వినపడకుండా చేసే సదుపాయాన్ని ప్లాట్‌ఫారం మీదా, రోడ్డు దాటేటప్పుడూ ఆపేయండి. హారన్ వినపడాలి.

కెమెరా ఉన్న కళ్లజోళ్లు ఇప్పుడు మన మార్కెట్లోనూ దొరుకుతున్నాయి. రెండు చేతులూ ఖాళీగా ఉంచి వీడియో తీయొచ్చు, నిజమే. కానీ శ్రీనగర్, లేహ్, పుణె వంటి రక్షణ శాఖ విమానాశ్రయాల్లో ఫొటోలు తీయడం నిషేధం. కళ్లజోడుతో తీసినా తప్పు తప్పే. గుళ్లలో, మ్యూజియంలలో అడిగి చూడండి. చూపు కోసం అదే కళ్లజోడు వాడేవాళ్లు మామూలుది ఇంకొకటి వెంట ఉంచుకోండి.

8. ఇవి మాత్రం చేయకండి

అమెరికాలో కొన్న ఉపగ్రహ సందేశ పరికరాలు, గార్మిన్ ఇన్‌రీచ్ లాంటివి, అనుమతి లేకుండా మన దేశంలోకి తేకండి. అక్కడ ట్రెక్కింగ్‌కి వెళ్లేవాళ్లు చాలామంది వాడతారు, ఇక్కడ అది నేరం. తెలియక తెచ్చిన విదేశీ పర్యాటకులు మన విమానాశ్రయాల్లో అరెస్టయ్యారు.

నడిచిన దారి మ్యాపుని అదే రోజు అందరికీ కనిపించేలా పెట్టకండి. స్ట్రావా అనే వ్యాయామ యాప్ ప్రచురించిన మ్యాపుతో 2018లో సైనిక స్థావరాల లోపలి దారులే బయటపడ్డాయి. మీరు దిగిన హోటల్, మీ ఇంటికి తాళం వేసి ఉన్న సంగతి బయటపడటం ఎంతసేపు? ఇంటికి తిరిగొచ్చాక పెట్టుకోండి. దారిలో ఇంట్లోవాళ్లకి లొకేషన్ షేర్ చేస్తే, తిరిగి రాగానే ఆపేయడం మరిచిపోకండి.

బోర్డింగ్ పాస్ వాచీలో ఉందని కాగితం పారేయకండి. చాలా స్కానర్ల కిందికి మణికట్టు దూరదు.

అమ్మానాన్నల కోసం కొంటున్నవాళ్లకి

కొని, కొరియర్ చేసి, వీడియో కాల్‌లో ‘‘ఇక్కడ నొక్కమ్మా’’ అంటే సరిపోదు. పక్కన కూర్చోండి. అక్షరాలు పెద్దవి చేయండి. అక్కర్లేని తెరలన్నీ తీసేసి మూడు మాత్రం ఉంచండి: టైము, టైమరు, అత్యవసర బటన్. ఆ బటన్‌ని మీరు నొక్కి చూపించకండి, వాళ్ల చేతే నొక్కించండి. కాల్ వెళ్లేముందు వచ్చే సెకన్ల లెక్క మొదలవగానే దాన్ని ఎలా ఆపాలో కూడా వాళ్ల చేతే చేయించండి. పొరపాటున నొక్కుతామన్న భయంతో చాలామంది పెద్దవాళ్లు వాచీ తీసి బ్యాగులో పడేస్తారు. ఆపడం వస్తే ఆ భయం పోతుంది. మర్నాడు మళ్లీ అడగండి, వారం తర్వాత ఇంకోసారి.

ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందు వాచీ వాళ్ల చేతికి చేరాలి. అంత వ్యవధి లేకపోతే ఈసారికి కొనకండి. చార్జింగ్ నిండా ఉన్న మామూలు ఫోన్, డాక్టరు రాసిచ్చిన కాగితం, జేబులో నంబర్ల చీటీ ఇచ్చి పంపండి. అలవాటు లేని వాచీ కంటే అవే వాళ్లకి ఎక్కువ భద్రత.